రంగుకు ముందు గోడ

ప్రైమర్ అంటే గోడకూ రంగుకూ మధ్య పడే తొలిపూత. పైన ఏ రంగు వేయబోతున్నారన్నదానికంటే కింద ఎలాంటి గోడ ఉందన్నదాన్ని బట్టి దాన్ని ఎంచుకోవాలి. జరిగేది మాత్రం వేరు. ఏ గదికి ఏ రంగో తేల్చుకోవడానికి ఇంటిల్లిపాదీ కూర్చుని రంగుల పుస్తకం తిరగేస్తారు. ప్రైమర్ సంగతి పెయింటర్‌కో దుకాణదారుకో వదిలేస్తారు. రెండేళ్ళు తిరక్కుండానే గోడ పెచ్చులూడితే తప్పు రంగుదే అనుకుంటారు. రాయలసీమ లాంటి ఎండ ప్రాంతంలో రంగు చెడిపోయేది ఎక్కువగా లోపలినుంచే. గోడలో చిక్కుకున్న చెమ్మ, ఆ చెమ్మతో పాటు కదిలే ఉప్పు, పట్టు వదిలేసిన పాత సున్నం - ఈ మూడింటి సంగతి చూడకుండా వేసిన రంగు ఎంత ఖరీదైనదైనా నిలవదు.

కడప నుంచి రాజంపేట వెళ్ళే దారిలో సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఒంటిమిట్ట ఉంది. విజయనగర కాలపు కోదండరామాలయం చుట్టూ పెరిగిన ఇలాంటి ఊళ్ళో అన్నీ ఒకే రకం గోడలు కావు. కొండరాయిని మట్టి అడుసుతో పేర్చి, పైన సున్నం కొట్టిన పాత మిద్దెల గోడలు రెండడుగుల మందం దాకా ఉంటాయి. వాటి పక్కనే ఎర్ర ఇటుకతో కట్టి సిమెంటు పూత పూసిన ఇళ్ళు. కొత్తగా కడుతున్నవాటిలో సిమెంటు దిమ్మెల గోడలు, నదీ ఇసుకకు బదులు రోబో శాండ్‌తో చేసిన పూతలు. ఒక్కో ఇంట్లోనే ముందు భాగం కొత్తది, వెనక వంటిల్లు తాతల నాటిది అయివుండవచ్చు. ఈ గోడలు నీళ్ళను పీల్చే తీరు వేరు, వదిలే తీరు వేరు. వాటన్నిటికీ ఒకే డబ్బాలోని ప్రైమర్ కొట్టడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

ప్రైమర్ చేసే పని ప్రధానంగా మూడు విధాలు. సిమెంటు పూత, లప్పం (పుట్టీ) రెండూ సన్నని రంధ్రాలున్న పదార్థాలు. నేరుగా రంగు వేస్తే బెట్టకు ఎండిన చేను తొలివానను పీల్చినట్టు అవి రంగులోని నీటినీ జిగురునూ లాగేసుకుంటాయి. జిగురు లోపలికి పోగా పైన మిగిలిన రంగు పొడిపొడిగా చేతికి అంటుతుంది, ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా మచ్చలు పడుతుంది. ప్రైమర్ ఆ రంధ్రాలను కొంత మూసి, గోడ అంతా ఒకే తీరున పీల్చేలా చేస్తుంది. రెండోది, పైపూతకు పట్టు ఇస్తుంది. మూడోది, సిమెంటులోని క్షారం రంగును తాకకుండా అడ్డుపడుతుంది. ఇందుకోసం ప్రైమర్‌లో జిగురు పదార్థం, తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్ లాంటి వర్ణకం, పూతకు నిండుదనం ఇచ్చే ఖనిజాల పొడి, వీటిని పల్చన చేసే నీళ్ళు గానీ టర్పెంటైన్ లాంటి ద్రావకం గానీ కలుపుతారు. రంగుల పరిశ్రమ పూరకంగా వాడే ఖనిజాల్లో ముగ్గురాయి (బెరైటీస్) ఒకటి. ఒంటిమిట్ట నుంచి అదే దారిలో ముందుకు వెళితే రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఉంది. ఆ రాతిలో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది, కొంత రంగుల తయారీకి వెళుతుంది.

ఈ ప్రాంతంలో గోడను చూడడం అంటే మొదట ఉప్పును చూడడం. గోడ అడుగున, నేలకు మూరెడు రెండు మూరల ఎత్తు వరకు తెల్లగా దూదిలాంటి పొడి పొంగడం, దాని మీది రంగు బుడగలుగా లేవడం, గోరుతో గీరితే పూత ఇసుకలా రాలిపోవడం చాలా ఇళ్ళలో కనిపించేదే. దీన్ని చౌడెక్కిందంటారు, ఉప్పు పొంగిందంటారు. నేలలోని నీరు సన్నని రంధ్రాల గుండా గోడలోకి పైకి పాకుతుంది. నేల చౌడు కలిసినదైతే ఆ నీటిలో సోడియం లవణాలు కరిగి ఉంటాయి. గోడ ఉపరితలానికి వచ్చిన నీరు ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే గడ్డకట్టి స్ఫటికమవుతుంది. స్ఫటికం ఏర్పడేటప్పుడు పుట్టే ఒత్తిడికి పూత పగిలి పొడి అవుతుంది. వానాకాలంలో కరగడం, ఎండకు మళ్ళీ గట్టిపడడం - ఈ చక్రం ఏటా నడుస్తూనే ఉంటుంది. నీరు ఎక్కువగా ఉండే డెల్టా ఊళ్ళలో చెమ్మ బెడద ఎక్కువని అనుకుంటారు గానీ, ఆవిరి వేగంగా పోయే ఎండ ప్రాంతంలో ఉప్పు పేరుకునే తీరు మరింత కఠినం.

ఉప్పు నేల నుంచే రావాలని లేదు. పాత మట్టిమిద్దెల మీద నీరు దిగకుండా చౌడుమట్టి పరిచేవాళ్ళు. తడిసినప్పుడు ఆ మట్టి రేణువులు విడిపోయి సందులను పూడ్చేస్తాయి గనుక అది మంచి ఉపాయమే. కానీ మిద్దె ఒకసారి కారడం మొదలైతే ఆ నీరు ఉప్పును వెంటబెట్టుకుని గోడ పైభాగంలోకి దిగుతుంది. పైకప్పుకు ఆనుకుని మచ్చ ఉంటే కారణం మిద్దెలో వెతకాలి, నేలకు ఆనుకుని ఉంటే పునాదిలో వెతకాలి. మధ్యలో, స్నానాలగది వెనక గోడ మీద ఉంటే పైపులో వెతకాలి.

కట్టేటప్పుడు వాడిన నీళ్ళు మూడో దారి. వేసవిలో లోతు బోర్లలో దొరికే నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు ఇనుము ఉన్న పనికి లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఇనుము లేని పనికి 2000 మిల్లీగ్రాములు, సల్ఫేట్లు 400 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్ళు బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు లప్పం సంచీ ధరతో పోలిస్తే పెద్దదేం కాదు. తాగడానికి పనికిరాదని పక్కన పెట్టిన నీళ్ళే గోడ తడపడానికి వాడడం మానుకోదగిన అలవాటు.

చౌడెక్కిన గోడకు ఏ ప్రైమరూ మందు కాదు. ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే చెమ్మను ఆపేస్తామని చెప్పే డబ్బాలు దుకాణాల్లో వరసగా ఉంటాయి. వెనకనుంచి నీరు వస్తూ ఉండగా ముందు వైపు గట్టి పూత వేస్తే, ఆ నీరు మరికాస్త పైకి పాకి, పూత అయిపోయిన చోట బయటపడుతుంది. ముందు నీటి దారి మూయాలి. గోడ చుట్టూ నేల బయటికి వాలుగా ఉండాలి. ఊళ్ళలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో పాత ఇళ్ళ అరుగులు రోడ్డుకంటే కిందికి దిగిపోయాయి, వాననీరు గోడ మొదట్లోనే నిలుస్తోంది. అక్కడ చిన్న కాలువ తీయడమే అన్నిటికంటే పెద్ద మరమ్మతు. గోడను ఆనుకుని పెంచిన పూలమొక్కల పాదులను రెండు మూడడుగులు దూరం జరపాలి. కొత్త ఇంటికైతే పునాది పైన, గోడ లేవక ముందే చెమ్మ నిరోధక కాంక్రీటు పొర వేయించడం తప్పనిసరి. ఇటుక గోడల్లో ఆ పొర లేకపోతే రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించే పద్ధతి ఉంది. మట్టి అడుసుతో కట్టిన దళసరి రాతిగోడల్లో అది సరిగా పట్టదు.

నీటి దారి మూశాక చెడిన పూతను మచ్చ కనిపించే చోటికి అడుగున్నర పైదాకా చెక్కేయాలి. పైకి వచ్చిన ఉప్పును ముందు పొడి బ్రష్షుతో దులిపి, రాలిన పొడిని చేటలోకి ఎత్తి బయట పారేయాలి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. కొన్ని వారాలు ఆరనిచ్చి, మళ్ళీ పొంగితే మళ్ళీ దులిపి, అది ఆగిన తరువాతే కొత్త పూత. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు ఊళ్ళు మునిగాయి. అలా వరదలో నానిన గోడలు పైకి పదిహేను రోజుల్లో ఆరినట్టే కనిపిస్తాయి. లోపల, ముఖ్యంగా రాతిగోడల మట్టి అడుసులో, తడి నెలల తరబడి ఉంటుంది. అలాంటి గోడకు ఒక వేసవి దాటాకే రంగు వేయడం మేలు. అంతవరకు పల్చటి సున్నం చాలు.

గోడ పొడిగా ఉందో లేదో కంటితో చెప్పలేం. అరగజం చదరం పాలిథీన్ కాగితాన్ని గోడకు ఆనించి నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించి, మర్నాటి వరకు ఉంచాలి. కాగితం లోపలి వైపు నీటి బొట్లు పట్టినా, దాని కింద గోడ ముదురు రంగుకు మారినా ఇంకా చెమ్మ ఉన్నట్టే. పట్టు చూడడానికి అరచేతితో గోడను రుద్దాలి. తెల్లపొడి అంటితే పైపొర బలహీనం. గట్టి టేపు ముక్కను నొక్కి అంటించి ఒక్కసారిగా లాగితే పాత రంగు దానితో లేచివస్తుందో లేదో తెలుస్తుంది. నీళ్ళు చిలకరిస్తే క్షణాల్లో పీల్చుకునే గోడకు ప్రైమర్ ఎక్కువ పడుతుంది. బొట్లుగా జారిపోతే పైన నూనో, నూనె రంగో, మైనమో ఉందని అర్థం.

క్షారం పరీక్షకు దుకాణాల్లో దొరికే సూచిక కాగితాలు ఉన్నాయి. అవి లేనిచోట పసుపు ఉంది. సున్నం తగిలిన పసుపు ఎర్రబారడం పారాణి కలిపే ప్రతి ఇంట్లోనూ తెలిసినదే. గోడను కొంచెం తడిపి, పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన తెల్లకాగితాన్ని దానికి అదిమితే, క్షారం ఉంటే కాగితం ఎర్రబడుతుంది. అయితే పసుపు కొద్దిపాటి క్షారానికే రంగు మారుతుంది గనుక అది క్షారం ఉందని చెబుతుందే తప్ప ఎంత ఉందో చెప్పదు. వారం వారం చేసి చూస్తే మాత్రం ఎరుపు తగ్గుతూ రావడం కనిపిస్తుంది.

కొత్త సిమెంటు పూత విషయంలో ఈ క్షారమే అసలు శత్రువు. తాజా పూత పి.హెచ్. 12 నుంచి 13 దాకా ఉంటుంది. నూనె ఆధారంగా తయారయ్యే ప్రైమర్ గానీ రంగు గానీ దాని మీద వేస్తే, నూనెలోని ఆమ్లాలు క్షారంతో కలిసి సబ్బుగా మారతాయి. చెమ్మ తోడైతే పూత జిగటగా మెత్తబడి పొరలుగా లేచిపోతుంది. సబ్బు కార్ఖానాలో జరిగే చర్యే ఇక్కడ గోడ మీద జరుగుతుంది. అందుకే కొత్త పూతను కనీసం ఏడు రోజులు తడిపి, ఆ తరువాత ఆరనిచ్చి, మొత్తం మీద 28 రోజులు దాటనిదే రంగుపని మొదలుపెట్టవద్దని రంగుల తయారీదారులు చెబుతారు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పదిహేను రోజులకే ప్రైమర్ కొట్టించేవాళ్ళు ఎక్కువ. అంత తొందరైతే పైకప్పుకూ గోడలకూ ఒక పూత సున్నం వేసి గృహప్రవేశం కానిచ్చి, రంగును తరువాతి నెలకు వాయిదా వేసి, అప్పుడు ఆ సున్నాన్ని గీకేయడం తెలివైన పని. ఏప్రిల్, మే నెలల్లో పూత పైకి త్వరగా ఆరుతుంది. అది మంచిదని మురిసిపోవడానికి లేదు. తడి చాలక పూత బలం పుంజుకోదు, వెంట్రుక వాసి పగుళ్ళు వస్తాయి. ఎండాకాలంలో రోజుకు మూడు నాలుగుసార్లు తడపక తప్పదు.

28 రోజులు దాటిన కొత్త గోడకు నీటితో పల్చన చేసే అక్రిలిక్ ప్రైమర్ సరైనది. అక్రిలిక్ జిగురును క్షారం అంత సులువుగా విరగ్గొట్టలేదు. పూత కొంత ఊపిరి పీల్చగలిగినది కాబట్టి గోడలో మిగిలిన కొద్దిపాటి తేమ ఆవిరిగా బయటికి పోగలుగుతుంది. వాసన తక్కువ, కొన్ని గంటల్లో రెండో పూత వేయవచ్చు. బయటి గోడలకు వేరే రకం ఉంది. డబ్బా మీద ఎక్స్‌టీరియర్ అని రాసివుంటుంది, క్షారాన్నీ ఎండనూ తట్టుకునేలా తయారుచేస్తారు. లోపలి ప్రైమర్‌ను బయట వేస్తే డబ్బుకు డబ్బూ పోతుంది, గోడా పోతుంది. టర్పెంటైన్‌తో పల్చన చేసే రకం పూర్తిగా ఆరిన పాత గోడలకు, పైపొర కాస్త పొడి రాలే చోట్లకు పనికొస్తుంది. అది లోతుగా ఇంకి, వదులైన రేణువులను పట్టి ఉంచుతుంది. ఘాటు వాసన, నిప్పు భయం దాని లోపాలు. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఉండే గదిలో దాన్ని వాడకపోవడమే మంచిది.

పాత మిద్దెల సంగతి వేరు. ఈ ఇళ్ళకు తరతరాలుగా వేసింది సున్నం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) వెళ్ళిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది కుతకుత ఉడికి విరుస్తుంది. గోడకు పూశాక గాలిలోని బొగ్గుపులుసు గాలిని తిరిగి పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. ఈ మార్పుకు తేమ కావాలి. గోడను ముందు తడిపి, పల్చగా రెండు మూడు పూతలు, పొద్దు వాలాక వేసే పాత పద్ధతికి కారణం అదే. మిట్టమధ్యాహ్నం మందంగా కొట్టిన సున్నం గట్టిపడకముందే ఎండిపోయి, ఆనుకున్న వీపుకల్లా అంటుతుంది. గంజి, తుమ్మజిగురు కలిపేది ఈ పొడి రాలకుండా ఉండటానికే. గానుగలో ఆడిన సున్నపు గారలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసిన కాలంలో పూత తయారీకే రోజులు పట్టేవి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పుల మీద 16వ శతాబ్దపు చిత్రకారులు బొమ్మ గీసేముందు రాతి మీద సున్నపు పొరలు పరిచారు. ఆ పొరలు బిగువుగా ఉండబట్టే రంగులు నేటికీ కనిపిస్తున్నాయి.

ఇలాంటి సున్నపు గోడ మీద నేరుగా ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేస్తే రెండు విధాలా నష్టం. యాభై పూతల సున్నం పెంకులు కట్టి ఉంటుంది. ఎమల్షన్ ఆరుతూ బిగుసుకున్నప్పుడు ఆ పెంకులను గోడ నుంచి లాగేస్తుంది. రెండోది, మట్టి అడుసుతో కట్టిన గోడ ఆవిరి వదిలే దారి మూసుకుపోతుంది. కాబట్టి ఇంటివాళ్ళు ముందే ఒక నిర్ణయానికి రావాలి. సున్నంతోనే కొనసాగడం ఒక మార్గం. మట్టి అడుసు రాతిగోడలకు అదే ఉత్తమమైనది, చవకైనది కూడా. రంగు కావాలంటే సున్నంలో జాజు, పసుపుమన్ను లాంటి క్షారానికి చెడని ఖనిజ వర్ణాలు కలుపుకోవచ్చు. ఎమల్షనే కావాలంటే సున్నం మొత్తం గీకేయాలి. సగం గీకి సగం వదిలేసే పని వద్దు. నీళ్ళు చల్లి మెత్తబడ్డాక రేకు తాపీతో గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక పట్టునిచ్చే సీలర్ గానీ టర్పెంటైన్ రకం ప్రైమర్ గానీ ముందు వేయాలి. రాతిగోడ మీది పాత గారను కొట్టేసి గట్టి సిమెంటు పూత పూయించడం మాత్రం మానుకోవాలి. మట్టి అడుసు మెత్తన, సిమెంటు పెళుసు. రెండూ కలిసి కదలవు, మధ్యలో చెమ్మ చిక్కుకుంటుంది.

ఇదివరకే రంగు వేసివున్న గోడ బాగుంటే పని చాలా తగ్గుతుంది. పట్టు గట్టిగా ఉన్న రంగును గీకనక్కరలేదు. ఉప్పుకాగితంతో (శాండ్‌పేపర్‌తో) మెరుపు పోయేలా రుద్ది, దుమ్ము తుడిచి, లప్పం పెట్టిన చోట మాత్రమే ప్రైమర్ అద్దితే చాలు. వంటింటి గోడల నూనె జిడ్డును సబ్బునీళ్ళతో కడగాలి. జిడ్డు మీద ఏ పూతా పట్టదు. నాచు, బూజు పట్టిన బయటి గోడలకు బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు పట్టించి, పావుగంట ఆగి బ్రష్షుతో రుద్ది కడగాలి. పాత తలుపులు, కిటికీలు గీకేటప్పుడు జాగ్రత్త కావాలి. పాత నూనె రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులకు మించరాదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందటి రంగును పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని. తడిపి రుద్దాలి, పిల్లల్ని, గర్భిణులను దూరంగా ఉంచాలి, రాలినదాన్ని ఊడ్చి మూటగట్టాలి.

నెర్రెలు లేని గోడ అరుదు. పూత మీద సాలెగూడులా అల్లుకున్న సన్ననివి లప్పంతో పోతాయి. కొంచెం పెద్దవాటిని తాపీ మొనతో వి-ఆకారంలో తెరిచి, దుమ్ము దులిపి, తడిపి, పగుళ్ళకు వాడే అక్రిలిక్ పూరకంతో నింపాలి. పైపైన లప్పం రాసి మూసిన పగులు తొలి వేసవికే గీతగా కనిపిస్తుంది. కాంక్రీటు స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చేది రెండు పదార్థాలు వేరువేరుగా వ్యాకోచించడం వల్ల. అక్కడ పూతలో జాలీ వేసి పూయాలి. నల్లరేగడి నేలల్లో, కర్నూలు, కడప జిల్లాల పత్తి పొలాల మధ్య లేచిన కాలనీల్లో, మెట్లుమెట్లుగా ఏటవాలుగా పాకే పగుళ్ళు వస్తాయి. ఆ నేల తడిసి ఉబ్బుతుంది, ఎండి కుంచించుకుపోతుంది, పునాదిని కదుపుతుంది. వానకాలంలో మూసుకుని ఎండకాలంలో తెరుచుకునే పగులును రంగుపనితో బాగుచేయలేం. వేలు దూరేంత వెడల్పు ఉంటే పెయింటర్‌కు కాదు, ఇంజనీరుకు చూపించాలి.

లప్పం రెండు రకాలు. తెల్ల సిమెంటుతో చేసిన పొడి లప్పం నీళ్ళతో కలిపి వాడేది, గట్టిది, కొంత చెమ్మను తట్టుకునేది. కొత్త గోడలకు ఇదే ఎక్కువ వాడుక. డబ్బాలో ముద్దగా వచ్చే అక్రిలిక్ లప్పం మెత్తనిది, లోపలి గోడల్లో చిన్న మరమ్మతులకు బాగుంటుంది. ప్రైమర్ లప్పానికి ముందా, తరువాతా అన్న వాదన పనివాళ్ళ మధ్య ఎప్పుడూ ఉంటుంది. జవాబు లప్పం రకాన్ని బట్టి మారుతుంది. సిమెంటు లప్పానికి కింద ప్రైమర్ వద్దు. గోడను తడిపి నేరుగా పెట్టాలి. సిమెంటు గట్టిపడటానికి నీరు కావాలి, గోడను కరిచి పట్టుకోవడానికి రంధ్రాలు తెరిచి ఉండాలి. అది ఆరాక పైన ఒక పూత ప్రైమర్ తప్పనిసరి. అక్రిలిక్ లప్పానికైతే కింద ఒక పూత, పైన ఒక పూత ప్రైమర్ ఉండాలి. రెండింటిలోనూ లప్పం మీద నేరుగా రంగు వేయడం మాత్రం తప్పు.

లప్పం పల్చగా రెండు పూతలు పెట్టాలి. గోడ వంకరలు సరిచేయడం తాపీమేస్త్రీ పని; ఆ వంకరలను లప్పంతో నింపుతూ పోతే మందమైన చోట అది పెచ్చులుగా ఊడుతుంది. కలిపిన సిమెంటు లప్పం గట్టిపడడం మొదలైతే మళ్ళీ నీళ్ళు పోసి మెత్తబరచి వాడకూడదు, దాని పట్టు అప్పటికే పోయింది. రెండో పూత ఆరాక ముందు 180 నంబరు, తరువాత 220 లేదా 320 నంబరు ఉప్పుకాగితంతో రుద్దుతారు. గోడ పక్కన దీపం పెట్టి ఏటవాలు వెలుగులో చూస్తే తాపీ గీతలు, గుంటలు బయటపడతాయి. పగటి వెలుగులో కనబడనివి రాత్రి ట్యూబ్‌లైటు కింద వెక్కిరిస్తాయి. రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పనివాళ్ళు తువ్వాలు కట్టుకుని సరిపెట్టుకుంటున్నారు. ఇంటి యజమాని మంచి మాస్కులు కొనివ్వడం ఖర్చుగా చూడదగ్గది కాదు. రుద్దడం అయ్యాక గోడ మీద మిగిలిన పొడిని మెత్తటి బ్రష్షుతో, ఆపైన కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో తీయాలి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. ప్రైమర్ గోడకు కాక దుమ్ముకు అంటుకుంటే, దుమ్ముతోపాటే ఊడివస్తుంది.

ప్రైమర్ వేయడానికి కాలం, వేళ రెండూ చూసుకోవాలి. కడప జిల్లాకు నైరుతితోపాటు ఈశాన్య రుతుపవనాల వానలు కూడా పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా తుఫాన్ల భయం ఉంటుంది. దీపావళికి రంగులు వేయించుకునేవాళ్ళు ఎక్కువమంది తడిసిన గోడల మీదే వేయించుకుంటున్నారు. సంక్రాంతి తరువాత నుంచి ఫాల్గుణం చివర వరకు గోడలు పొడిగా, ఎండలు ఓర్చుకోగలిగేట్టు ఉంటాయి. 2015 నుంచి ప్రభుత్వం తరఫున సీతారామ కల్యాణం జరుగుతున్న ఒంటిమిట్టలో శ్రీరామనవమి బ్రహ్మోత్సవాలకు బంధువులు వచ్చేలోగా పని ముగించుకుంటే గోడకూ అదే అనువైన సమయం. వేసవిలో తప్పనిసరై చేయిస్తే పని ఎండను బట్టి తిప్పుకోవాలి: పడమటి గోడ ఉదయం, తూర్పు గోడ మధ్యాహ్నం తరువాత. చెయ్యి ఆనించలేనంత కాగిన గోడ మీద ప్రైమర్ లోపలికి ఇంకక ముందే పైన ఎండిపోతుంది, రోలర్ గీతలు నిలిచిపోతాయి.

పల్చన చేయడంలో డబ్బా మీది కొలతే కొలత. నీళ్ళు ఎక్కువ పోస్తే విస్తీర్ణం పెరుగుతుంది, జిగురు పలచబడుతుంది. ప్రైమర్ వేసినట్టే ఉంటుంది, పని చేయదు. కలపడానికి ఉప్పు బోరు నీళ్ళు కాక తాగే నీళ్ళు వాడాలి. నున్నటి లప్పం గోడ మీద లీటరు ప్రైమర్ ఒక పూతకు సుమారు 100 నుంచి 120 చదరపు అడుగులకు వస్తుంది. వట్టి సిమెంటు పూత మీద అంతకంటే తక్కువ. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో తలుపు, కిటికీ తీసేస్తే గోడలు సుమారు 400, పైకప్పు 120 చదరపు అడుగులు. అంటే ఒక పూతకు అయిదు లీటర్ల దాకా కావాలి. పెయింటర్ రెండు లీటర్లతో గది ముగించాడంటే ఎంత నీళ్ళు కలిశాయో ఊహించుకోవచ్చు.

తలుపులకు, కిటికీ చువ్వలకు గోడ ప్రైమర్ పనికిరాదు. కొయ్యకు వుడ్ ప్రైమర్, ముందుగా ముడులను, పగుళ్ళను పూడ్చి. ఇనుముకు తుప్పు పూర్తిగా రుద్దిన తరువాత రెడ్ ఆక్సైడ్ గానీ జింక్ ఫాస్ఫేట్ గానీ. తుప్పు మీద వేసిన ప్రైమర్ కింద తుప్పు పెరుగుతూనే ఉంటుంది. అల్మరాలకు, అరుగులకు పరిచిన కడప బండలకు రంగు వేయకపోవడమే మేలు. ఆ నునుపు రాయి పూతను పెద్దగా పీల్చదు, దానికి పూత అవసరం కూడా లేదు.

సున్నపు, సిమెంటు, కాంక్రీటు గోడలకు రంగు వేసే పని మీద భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 2395 పేరుతో నియమావళి ఇచ్చింది. అందులో మొదటి భాగం పని విధానం గురించే. ఊరి పనుల్లో దాన్ని ఎవరూ తెరిచి చూడరు. చదరపు అడుగుకు ఇంతని మొత్తం బేరం కుదుర్చుకుంటారు. ఆ బేరంలో కనబడకుండా కుదించగలిగేవి గీకుడు, దుమ్ము తుడవడం, ప్రైమర్ పూత - ఈ మూడే. కాబట్టి పెయింటర్‌తో మాట్లాడేటప్పుడే గోడ ఎంతవరకు గీకాలి, ఏ లప్పం ఎన్ని పూతలు, ఏ ప్రైమర్ ఎన్ని పూతలు, పూతకూ పూతకూ మధ్య ఎన్ని గంటలు అన్నవి విడివిడిగా కాగితం మీద రాసుకోండి. ప్రైమర్ డబ్బా మీరే కొనితెచ్చి, మూత మీ ఎదుట తీయించండి. ఖర్చు తగ్గించుకోవలసివస్తే పైరంగులో ఒక మెట్టు దిగండి, ప్రైమర్‌లో దిగకండి.